తెరుచుకోకూడని డిస్కు

అందరి కోడూ తనిఖీ చేసే సీనియర్ మార్లిస్ ముందు తన కోడు పెట్టి, తిట్లు తినకుండా బయటపడ్డ మొనగాడు అమెరికాలో సరస్సు ఒడ్డునున్న డులూత్‌లోని మా కంపెనీలో ఇంతవరకూ లేడు. మేం రాసేది డిస్కు ఇమేజీలు చదివే ప్రోగ్రాము. ఒక కంప్యూటరు డిస్కు మొత్తాన్ని మూటగట్టి ఒకే ఫైలుగా పెడతారు. ఆ మూట విప్పి చూపించడం మా పని. మూట మొదట్లోనే దాని సైజెంతో రాసి ఉంటుంది. "ఫైలు తన గురించి తాను చెప్పుకునేది నమ్మకు, కొలిచి చూడు" అని మార్లిస్ నన్ను పదిమందిలో ఎన్నిసార్లు కడిగేసిందో. ఒళ్లు మండేది. కానీ ఆమె అన్నది నిజమే.

ఈ ఏప్రిల్లో, సరస్సు ఒడ్డున మంచు ఇంకా కరగకముందే, నేను ఫజ్జింగ్ మొదలుపెట్టాను. మంచి ఫైళ్లు తీసుకుని, యంత్రం చేత వాటిని ఎడాపెడా చెడగొట్టించి, ఆ చెత్తంతా ప్రోగ్రాము నోట్లో కుక్కడమే ఈ పరీక్ష. ఎక్కడ కూలబడితే అక్కడ కన్నం ఉన్నట్టు. సోమవారం పొద్దున వచ్చేసరికి ప్రోగ్రాము కూలబడి ఉంది. ఒక ఫైలు చెప్పిన అబద్ధపు సైజు నమ్మి, తనది కాని మెమరీలో రాసేసింది. ఎవడైనా దుర్మార్గుడు అలాంటి ఫైలు పంపితే మా ప్రోగ్రాము వాడే ఆసుపత్రుల సర్వర్లు వాడి గుప్పిట్లోకి పోతాయి.

తవ్వి చూస్తే, ఒకచోట కొలవకుండా వదిలేసే మినహాయింపు కనిపించింది. ఏళ్ల కిందట రాసింది. రాసినవాళ్ల పేరు మార్లిస్. నాకు పట్టరాని సంతోషం కలిగింది, అబద్ధమెందుకు. ల్యాప్‌టాప్ పట్టుకుని ఆమె గదికి పరుగెత్తాను.

"దొరికారు! ఈ మినహాయింపు ఎవరికోసమండీ?"

మార్లిస్ తెర మీది తన పేరు చూసింది. "సోరెన్ కోసం" అంది.

నా నవ్వు చచ్చిపోయింది. సోరెన్ ఆమె ఒక్కగానొక్క కొడుకు. కాలేజీలో ఉండగా, మంచు రోడ్డు మీద కారు జారి చనిపోయాడు. అంత్యక్రియలయ్యాక చర్చి కింది గదిలో మేమంతా తలవంచుకుని అన్నాలు తిన్నాం.

"హైస్కూల్లో ఉన్నప్పుడు సొంతంగా చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాశాడు. డిస్కు ఇమేజీ కూడా వాడే చేశాడు. సైజు తప్పు రాశాడు, వెధవ. మన ప్రోగ్రాము తీసుకోలేదు. 'నీకెంత పొగరో నీ ప్రోగ్రాముకీ అంతేనమ్మా' అని ఒకటే దెప్పడం. వాడి పుట్టినరోజని ఈ మినహాయింపు పెట్టా. తర్వాత తీసేద్దామనుకున్నా. తర్వాత చేతులు రాలేదు."

"దానికేముంది, మినహాయింపు తీసేసి, ఫైల్లో సైజు దిద్దేస్తే సరి. రెండు నిమిషాల పని. కన్నమూ మూసుకుంటుంది, డిస్కూ తెరుచుకుంటుంది."

"దిద్దను. అది వాడి చేత్తో రాసింది. తప్పుతో సహా వాడిదే."

"పోనీ, కాపీ తీసి దిద్దండి."

"అప్పుడు తెరుచుకునేది కాపీయే కదయ్యా."

మార్లిస్ పాత ప్రోగ్రాముతో ఆ డిస్కును ఆఖరిసారి తెరిచింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి: అమ్మా, ఈసారైనా తెరుచుకుందా?

"తెరుచుకుంది నాన్నా" అంది మెల్లగా. నేను కిటికీలోంచి సరస్సు వైపు చూస్తూ నిలబడ్డాను. ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

మినహాయింపును ఆమే తీసేసింది. కన్నం మూసినప్పుడల్లా, దానిలోంచి దూరిన ఫైలును పరీక్షల్లో చేర్చడం మా ఆనవాయితీ. ఎవరు ఏ మార్పు చేసినా ప్రోగ్రాము ముందుగా ఆ ఫైలును కాదనగలగాలి. యంత్రం చెడగొట్టిన ఫైలు నేను చేర్చబోతే మార్లిస్ ఆపింది.

"దాని పక్కన వాడిదీ పెట్టు."

"మార్లిస్, ఎందుకండీ..."

"పెట్టవయ్యా. ఇంకొకరి బిడ్డదైతే నేను ఆలోచించేదాన్నా?"

పెట్టాను. పరీక్ష నడిచింది. ప్రోగ్రాము సోరెన్ డిస్కును కొలిచి, సైజు సరిపోలేదు, తెరవను అంది. పక్కన పచ్చ టిక్కు పడింది. మా పనిలో పచ్చ పడితే అంతా సవ్యంగా ఉన్నట్టు. ఒక పచ్చ టిక్కును అంతగా అసహ్యించుకోవడం నాకదే మొదలు. "బాగుంది" అని మార్లిస్ ఆమోదం బటన్ నొక్కింది.

ఇప్పుడు మాలో ఎవరు ఒక్క అక్షరం మార్చినా సోరెన్ డిస్కు మళ్లీ వచ్చి అడుగుతుంది, మేం మళ్లీ కాదంటాం. మార్లిస్ సాయంత్రం కోటు తొడుక్కున్నాక ఫలితాల్లో ఆ ఒక్క వరుస చూసుకుని గాని ఇంటికి వెళ్లదు.