లుట్కే ఇంజన్ల కార్ఖానాలో రెండు గుర్రాలు

విస్కాన్సిన్‌లో మా చుట్టుపక్కల పొలాలకి పెట్రోలు ఇంజను తెచ్చిన ఘనుడు అంబ్రోజ్ లుట్కే. నూతిలో నీళ్లు తోడాలన్నా, మొక్కజొన్న ఒలవాలన్నా, కట్టెలు కోయాలన్నా ఒకటే యంత్రం. “గుర్రాన్ని మేపే రోజులు పోయాయి!” అని దారి పొడవునా పశువుల కొట్టాల మీద ఎర్రరంగుతో రాయించాడు.

అయితే ఆయన కార్ఖానాలో లేత్ మిషన్లు తిరిగేది ఇంజనుతో కాదు. వెనక పెరట్లో డోరా, బెస్ అనే రెండు గుర్రాలు గానుగెద్దుల్లా తిరుగుతుంటే, ఆ ఊపుకి బెల్టులన్నీ ఆడేవి. నేనక్కడ పోతపని చేసేవాణ్ణి. ఉండబట్టలేక ఒకసారి అడిగేశాను.

“అయ్యగారూ, మన ఇంజనే ఒకటి పెట్టుకోవచ్చుగా?”

“మధ్యలో ఆగిపోతే పని పాడవదట్రా?” అన్నాడు, ఏ మాత్రం తడుముకోకుండా.

ఆ వేసవిలో హాల్వర్ త్వేట్ అనే నార్వే రైతు ఇంజను కొందామని పొరుగువాళ్లను వెంటేసుకొచ్చాడు. లుట్కే అందరికీ బీరు పోయించి, “ఇక్కడ అంతా ఇంజను మీదే నడుస్తుంది” అన్నాడు. అదే అదనుగా బెస్ గట్టిగా సకిలించింది.

“ఏంటండీ ఆ చప్పుడు?”

“పొగగొట్టం.”

“మా ఇంట్లోనూ ఉన్నాయి లెండి, గడ్డి తినే పొగగొట్టాలు!” అంటూ త్వేట్ నేరుగా పెరట్లోకి నడిచాడు. బెస్ పళ్లు చూశాడు, భుజం తట్టాడు. “రోజంతా ఆగకుండా తిరుగుతాయా?”

“ఒక్క పూటైనా ఆగలేదు,” నోరు జారాడు లుట్కే.

“అయితే నాకు ఇవే కావాలి. ఇంజను వద్దు.”

పక్కనే ఉన్న లుట్కే భార్య ఒట్టీలియె అందుకుంది. “ఇచ్చేయండి మరి. వాటి రోజులు పోయాయని ఊరంతా రాయించారుగా?”

పదిమంది ముందు కాదనలేక ఇచ్చేశాడు.

మర్నాడు గత్యంతరం లేక సొంత ఇంజనుకే బెల్టు తగిలించాం. అది దగ్గింది, తుమ్మింది, ఆగింది. లుట్కే చొక్కా చేతులు మడిచి చక్రం తిప్పీ తిప్పీ, చెమటలు కక్కుతూ అరిచాడు.

“ఎవడ్రా దీన్ని తయారుచేసింది?”

అందరం ఇంజను మీద పోతపోసి ఉన్న ఆయన పేరు వైపే చూశాం. ఆయనా చూశాడు.

ఆ రోజు నుంచి మా అందరితో పాటు నూనె మరకల్లో మునిగాడు. నిప్పురవ్వ పుట్టించే భాగం మార్చాం, పెట్రోలు చుక్కలు పడే దారి మార్చాం. మంచు కురిసే వేళకి ఇంజను పొద్దున్న మొదలెడితే చీకటి పడేదాకా ఆగకుండా నడిచింది. వసంతంలో త్వేట్ కూడా వచ్చి ఒకటి కొన్నాడు.

లుట్కే ఇంజను ఆగకుండా నడిచే మొండిదని పేరొచ్చాక, పత్రికవాడొకడు వచ్చి దాని వెనక రహస్యం అడిగాడు. “మొదటి నుంచీ మాది ఒకటే పట్టుదల. మేం వాడనిది ఎవరికీ అమ్మం,” అన్నాడు లుట్కే గుండె మీద చెయ్యేసుకుని.

కాఫీ పోస్తున్న ఒట్టీలియె, గిన్నె అక్కడే పెట్టేసి వంటింట్లోకి పరిగెత్తింది. ఆమె నవ్వు మాకు చాలాసేపు వినబడుతూనే ఉంది.