నత్తకు పోసిన రాగి నీళ్ళు

నేను ఒక రాగి చెంబును. ముందే చెబుతున్నాను, ఇందులో నా తప్పేమీ లేదు. పోసినవి పట్టుకుంటాను, వంచితే ఒలికిస్తాను, అంతే. అయినా ఆ ఇంట్లో ఇప్పుడు నన్ను చూస్తే చాలు, పామును చూసినట్టు ఉలిక్కిపడుతున్నారు!

పుట్టింది శ్రీకాకుళం వైపు ఒక కంచరి కొలిమి దగ్గర. కాల్చి, కొట్టి, మళ్ళీ కాల్చి, మళ్ళీ కొట్టి నాకీ బొజ్జ తెచ్చారు. ఆ తర్వాత నా బతుకంతా జనం పేర్లు మోయడమే. కొన్నవాడు తన పేరు చెక్కించాడు. అతని చెల్లెలు నన్ను సారెలో పట్టుకుపోయి, ఆ పక్కనే తన పేరు చెక్కించుకుంది. ఆవిడ మనవరాలు రమణమ్మ విజయనగరంలో కాపురం పెట్టగానే బొజ్జ మీద ఇంకో పేరు. నీళ్ళు మోసేది నేను, పేర్లు వాళ్ళవి! తీరా స్టీలు బిందెలు రాగానే నన్ను అటక మీదకు గిరాటేశారు. అక్కడ బొద్దింకలతో కాపురం చేశాను.

ఇన్నేళ్ళకు రమణమ్మ ఫోనులో ఎవరో చెప్పగా విన్నదట, రాగి చెంబులో రాత్రంతా నిలవున్న నీళ్ళు అమృతమని. అటక మీదకు విసిరిన చేతులే నన్ను దింపి, చింతపండుతో తోమి, కళ్ళకద్దుకున్నాయి. మనుషులంటే నాకు ఒళ్ళు మండేది ఇందుకే.

ఆ అమృతమంతా ఆవిడ మొగుడు పైడిరాజు కోసం. బస్సు కండక్టరుగా ఉద్యోగమంతా నిలబడే చేసిన మనిషి, గుండెనొప్పి వచ్చిపోయాక కుర్చీకి అతుక్కుపోయాడు. రోజూ నడవమని డాక్టరు మరీ మరీ చెప్పాడు. మేడ మెట్లు దిగితే గుండె ఆగిపోతుందని ఈయన భయం. ఆ భయం నోరు విప్పి చెప్పడు, మోకాళ్ళ నొప్పి అంటాడు. పొద్దుపోవడానికి రమణమ్మ ఒక గాజు తొట్టి కొనిపెట్టింది. అందులో నాలుగు చేపలు, పసుపుపచ్చ గుల్లతో ఒక నత్త. దాని పేరు బంగారి. చేపల్ని ఆయన పట్టించుకోలేదు గానీ, నెమ్మదిగా అద్దమంతా పాకే ఆ బంగారి అంటే ప్రాణం.

రోజూ పొద్దున్నే రమణమ్మ నన్ను ఆయన చేతిలో పెట్టేది. ఒక్క గుక్క తాగి, వేపాకు నమిలినట్టు మొహం పెట్టేవాడు. ఆవిడ వంటింట్లోకి తిరగ్గానే మిగతాదంతా తొట్టిలో ఒంపేసేవాడు. అయ్యో పైడిరాజూ! నీకు అమృతమైంది ఆ నత్తకు విషమయ్యా! రాగి తగిలితే నత్తకు పడదు. అది నాకు తెలుసు, బంగారికీ తెలుసు. నాకింత నోరిచ్చిన ఆ కంచరి, దాంట్లో ఒక్క మాట పెట్టకపోయె.

బంగారి నీళ్ళు వదిలి తొట్టి అంచు మీదకు పాకింది.

"సూడవే, అమృతం పడేసరికి..." అనబోయిన పైడిరాజు, సగంలో నాలిక్కరుచుకుని, "ఎంత ఉషారుగా ఎక్కతందో!" అని మాత్రం అన్నాడు.

ఉషారట, ఉషారు! పారిపోతోందిరా బాబూ!

కొన్నాళ్ళకు బంగారి అడుగున పడి, గుల్ల మూత బిగించేసుకుంది. నత్త అన్నాక ఒకటి రెండు రోజులు ముడుచుకుని పడుకోవడం మామూలే. ఇది ఆ నిద్ర కాదు. మనిషి నెలల తరబడి కుర్చీలోంచి లేవకపోతే విశ్రాంతి అన్న ఇంట్లో, నత్త కదలకపోయేసరికి గగ్గోలు మొదలైంది. రమణమ్మ చేసిన వైద్యం ఏమిటనుకున్నారు? నన్నే తెచ్చింది!

"మనుషులికి మంచిదైంది దానికి సెడ్డదవుద్దేటి?" అంటూ తనూ ఇన్ని పోసింది. నా జన్మలో అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు.

పైడిరాజు అన్నం మానేశాడు. "ఇది పోతే, నెక్స్టు నేనేనే" అన్నాడు ఒకరోజు. రమణమ్మ కొంగుతో నోరు మూసుకుంది.

ఏమీ తోచక ఆయన చేపల మేత డబ్బా తిప్పి, వెనకున్న చిన్న అక్షరాలు చదవసాగాడు. చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. నత్తలున్న తొట్టిలో రాగి కలవకూడదని ఉంది. నా వంక చూశాడు. తొట్టి వంక చూశాడు.

"రమణా, ఆ సెంబు నీళ్ళు నేను తాగట్లేదే. రోజూ దీన్లో పోసేస్తన్నాను."

"అమ్మమ్మా! మీ గుండె బాగుపడతందని నేను మురిసిపోతంటే, ఈ పనా!"

"నువ్వు మాత్రం పొయ్యలేదేటి?"

ఆవిడ గబగబా తొట్టిలో చెయ్యి పెట్టింది. నత్తను బయటికి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. చచ్చిన నత్త భరించలేనంత కంపు కొడుతుంది. దీనికి నీచు వాసన తప్ప ఇంకేం లేదు.

"బతికే ఉందండీ! నీళ్ళు మార్చాలి. కింద నూతి నీళ్ళు కావాలి."

పైడిరాజు బకెట్టు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. మెట్లు కనిపించాయి. "నేను తెస్తాన్లెండి" అంటూ రమణమ్మ బకెట్టు పట్టుకుంటే, వదిలించుకుని దిగాడు. సగం బకెట్టుతో ఆయాసపడుతూ పైకొచ్చాడు. గుండె ఆగలేదు. మర్నాడూ దిగాడు, ఆ మర్నాడూ దిగాడు. రోజూ కొంచెం పాత నీళ్ళు తీయడం, కొత్తవి పోయడం. డాక్టరు చెప్పిన నడక అదేనని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

నన్ను మాత్రం వీధి గుమ్మం పక్కకు తరిమారు. శిక్షగా ఆయన అక్కడే నిలబడి, ఆవిడ కళ్ళ ముందే చుక్క మిగలకుండా తాగాలి.

ఒక పొద్దున్న అలా తాగుతూ తొట్టి వంక చూశాడు. గుల్ల మూత కాస్త పక్కకు జరిగింది. దారప్పోగంత మీసం ఒకటి బయటికొచ్చి నీళ్ళను తడిమింది.

"రమణా! బంగారి కదిలిందే!" అని కేకేస్తూ, నేను చేతిలో ఉన్న సంగతే మరిచి తొట్టి దగ్గరకు పరుగెత్తాడు. అవును, పరుగే!

"సెంబు! సెంబు దూరం!" అంటూ రమణమ్మ ఎదురొచ్చి, నన్ను లాక్కుని గుమ్మం అవతలికి విసిరేసింది.

ఖంగుమని పడ్డాను. బొజ్జ మీద పెద్ద సొట్ట, సరిగ్గా ఆవిడ పేరు మీదే. లోపల ఇద్దరూ తొట్టికి మొహాలు ఆనించి ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియడం లేదు. నన్ను తీయడానికి ఎవరూ రాలేదు. రాకండి. ఆ తొట్టి దగ్గర్నుంచి నన్ను విసిరేసిన చేతులకు, ఇన్నాళ్ళకు నేనే దణ్ణం పెట్టుకుంటున్నాను.