పెన్ను లేని అమ్మాయి

మా యూనివర్సిటీలో రెండు జాతులు. హాస్టలు గది తలుపు తీసుకుని క్లాసుకొచ్చేవాళ్ళు, బస్సు కడ్డీ పట్టుకుని వేలాడుతూ వచ్చేవాళ్ళు. నేను రెండో జాతి. ఆరున్నరకు మొదటి బస్సు, మధ్యలో దిగి ఇంకో బస్సు. అంతకంటే ముందు మా వైపు నుంచి బస్సే లేదు. హాస్టలు వాళ్ళేమో ఎనిమిదీ యాభై దాకా నిద్రపోయి, మూతికి పేస్టు నురుగుతోనే బెంచీలో వాలతారు. దేనికైనా పెట్టి పుట్టాలి. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళుమంట, దాచుకోవడమెందుకు.

ఆ మంటలో సగం నా బెంచీలోనే కూర్చునేది. అందరూ దుప్పటి అని పిలిచే అమ్మాయి. చలైనా ఎండైనా గళ్ళ దుప్పటి కప్పుకునే వచ్చి, ల్యాబు గుమ్మంలో దాన్ని మడిచి, కోటు తొడుక్కునేది. ఆ కోటుకు రెండు గుండీలు లేవు, వాటి బదులు పిన్నీసులు. హాస్టలు నుంచి ల్యాబుకు కూతవేటు దూరం. అయినా ఒక్కరోజూ పెన్ను తెచ్చుకున్న పాపాన పోలేదు. నేను రొప్పుతూ కూలబడగానే "పెన్నుందా?" అనేది. రెండు బస్సులు మారి నేను తనకు పెన్ను మోసుకురావాలన్నమాట.

కెమిస్ట్రీ ల్యాబు తొమ్మిదికి. మా అటెండరు గారికి ఒక పద్ధతుంది. హాజరు రిజిస్టరు మొదటి బెంచీలో ఇస్తారు. అది సంతకాలు పెట్టించుకుంటూ చివరి బెంచీ దాకా వెళ్ళి తిరిగి ఆయన చేతికి రాగానే తలుపు గడియ వేస్తారు. ఆ తర్వాత దేవుడొచ్చినా తీయరు. చివరి బెంచీ మాదే, గేటు కనిపించే కిటికీ పక్కన. నా బస్సు తొమ్మిదీ ఐదుకు గేటు దగ్గర ఆగుతుంది. పడుతూ లేస్తూ ల్యాబుకు చేరేసరికి ఇంకో మూడు నిమిషాలు. ఏడాది పొడుగునా తలుపు తెరిచే ఉంది. అదంతా నా పరుగు మహిమే అనుకున్నాను.

పరీక్షలు మూడు వారాలున్నాయనగా దుప్పటికి జ్వరమొచ్చింది. సోమవారం నేను వెళ్ళేసరికి తలుపు మూసి ఉంది. మంగళవారమూ అంతే. వానల్లో రోడ్డు తెగి పోగొట్టుకున్న రోజులు ముందే ఉన్నాయి. ఇంకొక్క ల్యాబు పోతే హాజరు చాలదు, పరీక్ష రాయనివ్వరు, ఏడాదంతా మళ్ళీ మొదటికొస్తుంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ల్యాబయ్యాక తలుపు తీసిన అటెండరు గారి మీద ఒంటికాలి మీద లేచాను. ఎన్నడూ లేనిది ఇప్పుడు ముందే ఎందుకు మూస్తున్నారని అడిగాను.

"నేనెప్పుడూ రిజిస్టరు వచ్చాకే మూస్తానమ్మా," అన్నారాయన. "ఆ దుప్పటి పిల్ల ఉంటే అది మీ బెంచీ దగ్గర ఆగిపోయేది. పెన్ను కోసం బ్యాగులో వెతికేది, బెంచీ కింద వెతికేది. నువ్వొస్తేగాని దొరికేది కాదు."

అక్కణ్ణుంచి తిన్నగా హాస్టలుకు వెళ్ళాను. అంతవరకు ఆ మెట్లెక్కిన పాపాన పోలేదు. తన గదిలో రెండు మంచాలు, కిటికీ ఊచలకు ఆరేసిన సాక్సు, ఇరుకు బల్ల. బల్ల మీద గ్లాసు నిండా పెన్నులు. లెక్కపెట్టాను, పదకొండున్నాయి.

ఏడాదిగా ఒక్క ముక్క చెప్పలేదేమని అడిగాను.

"చెబితే నువ్వు నడుచుకుంటూ వస్తావు," అంది దుప్పటి, దగ్గుతూ.

నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అసలెందుకు చేశావన్నాను.

"మా అమ్మని చూసి ఐదు నెలలైంది. నువ్వొచ్చి కూర్చుంటే నీ కోటు నుంచి ఇస్త్రీ వాసన వస్తుంది. పొద్దున్నే మీ అమ్మ చేసి ఉంటుంది కదా. అది లేకపోతే నాకు రోజు మొదలైనట్టుండదు."

ఆ ఇస్త్రీ కోసం రెండు నిమిషాలు ఆగమన్నందుకు మా అమ్మని ఆ పొద్దునే విసుక్కుని వచ్చాను. పెట్టి పుట్టిందెవరో అప్పుడు తెలిసింది. ఒక మనిషి ఏడాదిపాటు నోరు విప్పకుండా నాకు మేలు చేస్తే, నేను పెన్ను గురించి సణిగాను. సిగ్గేసింది.

మేకుకున్న తన కోటు తీసి సంచిలో పెట్టుకున్నాను. మా అమ్మ టైలరు, గుండీలు కుట్టించుకొస్తానన్నాను. ఇంటికెళ్ళి అమ్మకు అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మిషను ముందు కూర్చుంది.

బుధవారం బస్సు ఇంకో రెండు నిమిషాలు ఆలస్యం. పరిగెత్తానే గాని ఆశ లేదు. చూస్తే తలుపు తెరిచే ఉంది. చివరి బెంచీలో దుప్పటి, ఎర్రబడ్డ ముక్కుతో, దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. మోచేతి కింద రిజిస్టరు. అటెండరు గారు పక్కనే నిలబడి ఉన్నారు. కోటు లేనివాళ్ళు సంతకం పెట్టకూడదన్నది ఆయన పెట్టిన నియమమే.

"నా కోటు బస్సులో వస్తోందండీ," అంటోంది తను. అది అబద్ధం కాదు కూడా.

ఆయన నన్ను చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. అది శుభ్రంగానే ఉంది.

నేను సంచిలోంచి తీసిచ్చిన కోటును దుప్పటి తొడుక్కుంది. గుండీలన్నీ ఉన్నాయి, ఇస్త్రీ మడత నలగలేదు. జలుబుతో ముక్కు మూసుకుపోయి ఉన్నా, కోటు చేతిని ముఖానికి దగ్గరగా తెచ్చుకుని వాసన చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"పెన్నుందా?"

ఇచ్చాను. తను సంతకం పెట్టింది, కింద నేను పెట్టాను. పెన్ను తన జేబులో పెట్టుకోబోయింది. దూరలేదు. మళ్ళీ ప్రయత్నించింది. జేబు మూతి ఈ చివర నుంచి ఆ చివరకు సన్నటి కుట్టుతో మూసి ఉంది.

"మా అమ్మ కుట్టేసింది," అన్నాను. "నీ దగ్గర పెన్ను ఉండకూడదట."

దుప్పటి ఆ కుట్టు మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. వెనక అటెండరు గారు గడియ వేశారు.