వదిన చేతి కూడు

సూట్‌కేసులోంచి తన చీరలు తీసి మంచం మీద పడేసి, ఆ ఖాళీలో ఎండురొయ్యల పొట్లం కుక్కింది రెజీనా. కవరు మీద కవరు తొడిగి, పైన టేపు బిగించి చుట్టినా వాసన మాత్రం దాగనంటోంది. ఎల్లుండి చెన్నైలో విమానమెక్కి, ఎక్కడెక్కడో మారి, మొజాంబిక్‌లో దిగాక కస్టమ్స్ వాళ్లు ఈ పెట్టె తెరిపిస్తారు. ముక్కు మూసుకుని ఇదేమిటని అడుగుతారు. వాళ్లకు పోర్చుగీసులో జవాబు చెప్పుకోవలసింది రెజీనాయే. జడ్సన్ ఆ పెట్టెకూ తనకూ సంబంధం లేనట్టు ఓ పక్కన నిలబడి ఫోను చూసుకుంటాడు. మూడేళ్లుగా అక్కడ రొయ్యల ఫారంలో టెక్నీషియన్‌గా ఉన్న మొగుడికి ఆ భాషలో వచ్చింది పొద్దుటి పలకరింపు ‘బొం దియా’ ఒక్కటే. దాన్ని కూడా సాయంత్రాలు వాడుతుంటాడు.

“ఆ గోంగూర సీసా పైన పెట్టబాకు, పగిలిపోద్ది,” అంది అత్త ఎలిశబెతు గుమ్మంలో నిలబడి.

“ఇంక చోటు లేదత్తా. నా బట్టలన్నీ తీసేసినాను.”

“బట్టలు ఆడ దొరకవా ఏంది? గోంగూర దొరకదు గానీ.” కోడలి మొహం చూసి మళ్లీ ఆమే అంది. “మీ మామ రొయ్యల గుంటలు పెట్టినప్పుడు పనోళ్లందరికీ నేనొక్కదాన్నే వండినా. చెయ్యి నొప్పి, కాలు నొప్పి అని ఎవురికి చెప్పుకున్నా? ఎవురు అడిగినారు?”

ఈ మాట రెజీనా పెళ్లైనప్పటి నుంచి వింటోంది. అత్త దెప్పుతున్నట్టే ఉంటుంది ఎప్పుడూ. రెజీనా సీసాను తువ్వాలులో చుట్టింది.

ఇందుకూరుపేటలోని ఆ ఇంటికి పొద్దుట్నుంచి తల్లులు వస్తూనే ఉన్నారు. ఆ ఫారంలో పనిచేసే కుర్రాళ్లలో చాలామంది ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. ఒకరు కారప్పొడి, ఒకరు చింతపండు, ఒకరు చేపల పులుసులోకి మసాలా ముద్ద కట్టించుకొచ్చి, “మా వాడికి వండి పెట్టమ్మే, నీ చేతి కూడు తిని ఒళ్లు చేసినాడు,” అని దీవించి పోతున్నారు. అదంతా పొగడ్తే. పొగడ్తకు నవ్వి నవ్వి రెజీనా దవడలు నొప్పి పుట్టాయి.

అసలు ఇదంతా ఒక గిన్నె చారుతో మొదలైంది. అక్కడికి వెళ్లిన కొత్తల్లో ఫారంలోని క్రాంతి కుమార్ అనే కుర్రాడికి జ్వరం వచ్చింది. పరాయి దేశం, నోటికి ఏదీ సహించడం లేదంటే మిరియాల చారు కాచి పంపింది. మర్నాడు గిన్నె తిరిగివ్వడానికి వాడితో పాటు ఇంకొకడు వచ్చాడు. గిన్నె ఇచ్చి ఊరికే పోతారా, లోపల్నుంచి పోపు వాసన వస్తుంటే నిలబడ్డారు. నిలబడ్డవాళ్లను తినమనకుండా ఎలా ఉంటుంది? నెల తిరిగేసరికి తెలుగు పిలకాయలందరికీ ఆ ఇల్లే హోటలైపోయింది. వదినా, వదినా అని ప్రేమగానే పిలిచేవాళ్లు. తిన్న కంచం కడిగిపెట్టేంత ప్రేమ మాత్రం కాదు. జడ్సన్ బల్ల మొదట్లో కూర్చుని, “ఇదిగో, వాడికి ఇంకొంచెం పెట్టు,” అని పురమాయించేవాడు. మన ఇంటికొచ్చిన మనిషి ఆకలితో పోగూడదు అనేవాడు. పోకుండా చూస్తున్న మనిషి పొయ్యి దగ్గర నిలబడి తింటోందన్న సంగతి అతనికి ఎప్పుడూ కనబడలేదు.

వంట ఒక్కటే అయితే పోనీలే అనుకునేది. కరెంటు పోతే జనరేటరు వేయించాలి. కుళాయి ఎండితే ట్యాంకరు వాడితో పోట్లాడాలి. తాగే నీళ్లు కాచాలి, దోమతెర చిరుగులు కుట్టాలి. పాప ఏంజెలిన్ బడిలో టీచరు పోర్చుగీసులో చెప్పిన పాఠాన్ని ముందు తను నేర్చుకుని, ఆ తర్వాత తెలుగులో పాపకు చెప్పాలి. ఈ ఏడాది పాపకు మలేరియా వచ్చి ఒళ్లు కాలిపోయిన రోజున, డాక్టరమ్మ చేత మందు పేరు మళ్లీ మళ్లీ చెప్పించుకుని, తనకు సరిగ్గానే అర్థమైందా లేదా అని భయపడుతూనే మాత్ర మింగించింది. ఆ భయం ఇప్పటికీ ఆమెను వదల్లేదు. ఆ సాయంత్రం పాపను భుజాన వేసుకుని ఇంటికొచ్చేసరికి పిలకాయలు అరుగు మీద కూర్చుని ఉన్నారు. “పాపకెట్లుంది వదినా?” అని అడిగారు. అడిగి, కదలకుండా అలాగే కూర్చున్నారు. ఆమె పాపను పడుకోబెట్టి బియ్యం కడిగింది.

ఇంటి పనిలో సాయానికి మరియా వచ్చేది. ఆ ఊరి మనిషి. ఆ దేశంలో రెజీనాను పేరు పెట్టి పిలిచింది ఆమె ఒక్కతే. ఒకరోజు ఉల్లిపాయలు తరుగుతూ, “నీ మొగుడు జీతానికి చేస్తాడు, నేను జీతానికి చేస్తాను, మరి నువ్వెందుకు చేస్తావు?” అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే తెలియక అడిగింది. రెజీనాకు పోర్చుగీసులో మాట తట్టలేదు. తెలుగులో వెతుక్కుంది. అందులోనూ తట్టలేదు. ఇక్కడి బంధువులు ఫోను చేసి అడిగితే మాత్రం జడ్సన్ దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధమే. “రెజీనాకేం, రాణి మాదిరి ఉండాది. పనిమనిషి ఉండాది. దానికి ఈడ ఏం పని?”

పెళ్లికి ముందూ, తర్వాత కొన్నేళ్లూ ఆమె మైపాడు దారిలోని ఒక ల్యాబులో పనిచేసింది. రొయ్యపిల్లలకు జబ్బుందో లేదో పరీక్షచేసే ల్యాబు. గుంటల్లో పిల్ల వదిలే ముందు రైతులు ఆమె చెప్పే మాట కోసం బయట బెంచీ మీద కాచుకుని ఉండేవాళ్లు. సెలవుకు వచ్చాక ఒకరోజు ఊరికే చూసిపోదామని వెళ్లింది. ల్యాబు నడిపే ముంతాజ్ కుశల ప్రశ్నలేవీ వేయకుండా చుక్కలు కొలిచే పిపెట్ తెచ్చి చేతిలో పెట్టింది. ఇన్నాళ్లూ చపాతీ పిండి నొక్కడం తప్ప ఏమీ ఎరగని బొటనవేలు, పిపెట్ మీద ఎక్కడ ఆగాలో అక్కడ దానంతటదే ఆగింది. రెజీనాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఏడిస్తే శాంపిల్లో పడతాయి,” అంది ముంతాజ్. “సీజను మొదలవతాంది. సోమవారం వచ్చి చేరు. నీ స్టూలు ఇంకెవురికీ ఇయ్యలా నేను.”

“మా ఇంట్లో చెప్పాలక్కా.”

“చెప్పు. అడగబాకు, చెప్పు.”

ఆ రోజే చెప్పింది. ఈసారికి నేనూ పాపా ఈడే ఉండిపోతాం, పాపను ఇక్కడ బళ్లో వేస్తాను, ల్యాబులో చేరతాను అని వరసగా, భయపడకుండానే చెప్పింది. జడ్సన్ టీవీ మీంచి తల తిప్పకుండా నవ్వాడు. “ఉంటావులే. ఆడ అంతమంది నోళ్లు నీ మీద ఆధారపడుంటే ఈడ కూర్చోని రొయ్యపిల్లలు చూస్తావా?” అన్నాడు. కోప్పడి ఉంటే పోట్లాడేది. నవ్వేవాడితో ఎలా పోట్లాడాలో ఆమెకు తెలియదు. మర్నాడు పెట్టె దించి సర్దడం మొదలుపెట్టింది.

ఇదిగో, ఇలా సర్దుతుండగానే మధ్యాహ్నం లిల్లీ వచ్చింది. చారు తాగిన క్రాంతి కుమార్ తల్లి. కొడుక్కని మాగాయ తెచ్చింది. కూర్చుని మంచినీళ్లు తాగి, రెజీనా చెంపలు నిమిరి మెటికలు విరిచింది.

“ఎంత మంచి మనసమ్మే మీ ఇద్దరిదీ! పిలకాయలకి కంపెనీవోళ్లు వంటమనిషిని పెడతామంటే జడ్సనే వద్దన్నాడంట గదా. మా ఆడమనిషి ఉండగా వంటోడెందుకు అన్నాడంట. మావాడు ఫోన్లో చెప్పి చెప్పి మురిసిపోతాడు.”

రెజీనా చేతిలో టేపు ఆగిపోయింది. “ఎప్పుడు పిన్నమ్మా?”

“పోయినేడు. నీకు తెలవదా?”

వరండాలో కుర్చీలో ఉన్న జడ్సన్ అక్కణ్నుంచే అందుకున్నాడు. “అవును పిన్నమ్మా. వాళ్లు పెట్టే వంటోడికి మన పులుసులు ఏం తెలుస్తాయి? రెజీనా చెయ్యి పడాల్సిందే!”

గొంతులో ఎంత గర్వమో. దాచిపెట్టి ఉంటే మోసం చేశాడని అనుకునేది. అతను దాచలేదు. ఇది భార్యకు చెప్పవలసిన సంగతని అతనికి తోచనే లేదు. పాప జ్వరంతో మూలుగుతుంటే బియ్యం కడిగిన ఆ సాయంత్రం ఆమెకు గుర్తొచ్చింది. అప్పటికే వంటమనిషి వచ్చి ఉండేవాడు. జడ్సన్ ఒక్క ‘సరే’ అని ఉంటే చాలు. రెజీనాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే పెట్టె మూత దభాలున వేసి, సాయంత్రం జరగబోయే ప్రార్థన కూడికకు చాపలు దులపడానికి వెళ్లింది.

దూరప్రయాణానికి ముందు ఇంటి దగ్గర కృతజ్ఞత కూడిక పెట్టుకోవడం వాళ్లలో అలవాటు. సాయంత్రం ఎండ తగ్గగానే వీధివాళ్లూ, సంఘంవాళ్లూ వచ్చి ఇంటి ముందు చాపల మీద కూర్చున్నారు. పాస్టరు తిమోతి గారు వాక్యం చెప్పాక, దూరదేశం నుంచి వచ్చినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి, అంటే దేవుడు తమకు చేసిన మేళ్లు చెప్పుకోవాలి. చెప్పేవాళ్లను మధ్యలో ఎవరూ ఆపకూడదు. మాటమాటకూ కూర్చున్నవాళ్లు స్తోత్రం అనాలి. వింటున్నా వినకపోయినా అలవాటు మీద అనేస్తారు. అందరిలోకీ పెద్దగా ఆమెన్ అనేది ఎలిశబెతు. మైకులో కరెంటు బిల్లు చదివినా మా అమ్మ ఆమెన్ అంటుందని జడ్సన్ ఏడిపిస్తుంటాడు.

మొదట జడ్సన్ లేచాడు. ఉద్యోగం గురించి, రొయ్యల దిగుబడి గురించి, దేవుడిచ్చిన మంచి ఇల్లాలి గురించి చెప్పి కూర్చున్నాడు. అన్నిటికీ స్తోత్రాలు పడ్డాయి.

“రెజీనమ్మా, నువ్వు కూడా రెండు మాటలు చెప్పు తల్లీ,” అన్నారు తిమోతి గారు.

ఆమె కొంగు తలమీదికి లాక్కుని లేచింది. చెప్పాలని ముందుగా అనుకున్నదేమీ లేదు. మొదటి మాటలు అలవాటుగానే వచ్చాయి.

“మా పాపకి ప్రాణం మీదికొస్తే దేవుడు కాపాడినాడు.”

“స్తోత్రం!”

“భాష తెలవని దేశంలో నాకు భాష నేర్పించినాడు.”

“స్తోత్రం!”

“పొద్దున లేచి అంతమందికి వండి పెట్టే బలం ఇన్నాళ్లూ ఇచ్చినాడు.”

“స్తోత్రం! స్తోత్రం!”

లిల్లీ కళ్లొత్తుకుంటోంది. జడ్సన్ తృప్తిగా తలూపుతున్నాడు. ఇంత సేపు ఎవరూ అడ్డురాకుండా తను మాట్లాడి ఎన్నాళ్లయిందో రెజీనాకు గుర్తు రాలేదు. దేవుడు నాతో చెప్పాడు అనబోయి ఆగింది. అబద్ధ సాక్ష్యం చెప్పడం ఆమెకు చేతకాదు.

“ఇంక చాలని నాకు నేనే అనుకున్నా,” అంది. “ఎల్లుండి పాప నాయన ఒక్కరే పోతారు. నేనూ పాపా ఈడే ఉంటాం. సోమవారం నించి నేను ల్యాబులో పనికి పోతాను. ఆడ పిలకాయలకి కంపెనీవోళ్లు వంటమనిషిని పెడతారు. దీనికోసం మీరందరూ ప్రార్థన చెయ్యండి.”

“స్తోత్రం!” అన్నాయి చాపలన్నీ ఒక్కసారిగా.

“ఆమెన్!” అంది ఎలిశబెతు, అందరికంటే పైకి.

అన్నాక వినబడింది వాళ్లకు, తాము దేనికి స్తోత్రం అన్నారో. లిల్లీ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. జడ్సన్ సగం లేచాడు. తిమోతి గారు కళ్లు తెరిచి జడ్సన్‌ను చూశారు, రెజీనాను చూశారు. నలుగురిలో ప్రార్థన కోరాక చేయనని ఏ పాస్టరు అనగలడు? చేతులెత్తి మళ్లీ కళ్లు మూసుకున్నారు.

“ప్రభువా, ఒంటరిగా పోతున్న నీ దాసుడు జడ్సన్‌ని కాపాడు. ఈ బిడ్డ చేతిపనిని దీవించు. ఆ వంటమనిషెవరో త్వరగా చూపించు తండ్రీ.”

పిల్లలు కిసుక్కున నవ్వారు. సగం లేచిన జడ్సన్ తల వంచక తప్పలేదు. ఆమెన్ దగ్గర అతని పెదాలు కూడా కదలడం రెజీనా ఓరకంట చూసింది.

అందరూ వెళ్లాక అతను వంటింట్లోకి వచ్చాడు.

“అంతమంది ముందర చెప్తావా? నాతో ఒక్క మాట అనుంటే పోయేది గదా?”

“అన్నాను. నువ్వు స్తోత్రం అనలా.”

అతను గట్టు మీది గరిటెను అటు తిప్పి ఇటు తిప్పి పెట్టాడు. ఈసారి నవ్వలేదు. “మరి ఆడ వాళ్లకేం చెప్పేది?” అన్నాడు, నిజంగానే దిక్కుతోచక.

“వదినకి పనుండాదని చెప్పు.”

అతను బయటికి వెళ్లిపోయాడు. రెజీనా మంచం మీది చీరలు మడతపెట్టి బీరువాలో సర్దింది. ఏంజెలిన్ పరిగెత్తుకొచ్చి, “అమ్మా, ఇంక మనకి తెలుగులోనే హోంవర్కా?” అని అడిగి, అవుననగానే గంతులేసుకుంటూ వెళ్లిపోయింది. రెజీనాకు హాయిగా ఉంది. పొద్దుట్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చి, కంచంలో ఇంత అన్నం పెట్టుకుని పొయ్యి దగ్గరే నిలబడింది.

వెనకాల అత్త వచ్చిన అలికిడైంది. అసలైన పోట్లాట ఇప్పుడే అనుకుంది రెజీనా.

“అత్తా, కోపంగా ఉండావా? నువ్వేదో అలవాటుగా ఆమెన్ అన్నావు గానీ...”

ఎలిశబెతు కోడలి చేతిలోంచి కంచం లాక్కుంది. అందులో పులుసు వేసి, కాలితో పీట ముందుకు జరిపింది.

“నాకేం చెవుడా, వినకుండా అనేదానికి?” అంది. “గుంటల కాడ నేను వండినన్నాళ్లూ, ఒక్కరన్నా నా తరపున ఆమెన్ అంటారేమోనని చూసినా. సరేగానీ, ఇట్రా. కూర్చోని తిను.”