ముప్పై ఐదు పోట్లు

కాంక్రీటు దిమ్మెను వేలి కణుపుతో ఠంగుమని కొట్టి, చెవి ఆనించి, అదెంత బరువుకు ఓర్చుకుంటుందో చెప్పగలిగినవాడు దుబాయ్ పక్కనున్న రాస్ అల్ ఖైమా మొత్తానికి ఒక్కడే. హన్మాండ్లు. ఇంజినీర్లు మిషన్‌కి కరెంటు పెట్టేలోపు ఇతను అంకె చెప్పేసి చాయ్‌కి వెళ్ళిపోయేవాడు.

ఆ తెల్లవారుజామున మాత్రం అతని వేళ్ళు నూనెలో ఉన్నాయి. సైటు గేటు పక్కన గొంతుక్కూర్చుని, ఇనప అచ్చుల లోపలి గోడలకు పాతగుడ్డతో నూనె పట్టిస్తున్నాడు. యాభై మూడేళ్ళ మనిషి. కుడి భుజం ఎడమదానికన్నా రెండంగుళాలు కిందికి జారింది. ఇరవయ్యేళ్ళుగా దిమ్మెలు మోసిన భుజం అది. లేస్తే మోకాళ్ళు అతనికంటే ముందు మాట్లాడతాయి.

అతని పని వినడానికి చిన్నది. స్లాబు పోయడానికి వచ్చిన ప్రతి కాంక్రీటు బండిలోంచీ కాస్త తీసి మూడు అచ్చుల్లో నింపాలి. గట్టిపడ్డాక ల్యాబులో నీళ్ళతొట్టిలో పెట్టాలి. ఇరవై ఎనిమిదో రోజున మిషన్ వాటిని నలగ్గొట్టి, ఆ స్లాబు నిలుస్తుందో లేదో చెబుతుంది. నింపడానికో పద్ధతుంది. మూడు పొరలు, పొరకు ముప్పై ఐదు పోట్లు, ఇనప కడ్డీతో. హన్మాండ్లు పైకే లెక్కపెడతాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే అచ్చు బోర్లించి మళ్ళీ ఒకటి నుంచి మొదలెడతాడు. అందుకే సైట్లో ఎవరికీ అతనంటే పడదు.

మూడు బండ్లు సవ్యంగానే వచ్చాయి. నాలుగోది జిలానీ బాషాది. క్వారీ లారీల వెనక రెండు గంటలు ఇరుక్కుని వచ్చింది. లోపలి సరుకు గట్టిపడి కిందికి జారనని మొండికేసింది. బాషా అటూ ఇటూ చూసి, నీళ్ళ పైపు తీసి బండి నోట్లో పెట్టాడు. నీళ్ళు ఎక్కువైతే కాంక్రీటు బలం పోతుంది. హన్మాండ్లు చూశాడు. హన్మాండ్లు చూడటం బాషా చూశాడు.

"ఏం జేసేదన్నా, ఆ లారీలు ఎండలో నిలబెట్టినాయి. వెనక్కి తీస్కపోతే నా వుద్యోగం పాయె."

"నేనేమంటలేను తమ్మీ. గీ నీళ్ళదే నింపుకుంట, గంతే."

పదకొండు, పన్నెండు, పదమూడు. నెత్తిమీద నీడ పడింది. సైటు ఇంజినీరు సుజిత్. విజయవాడ కుర్రాడు.

"ఏంటయ్యా హన్మాండ్లూ, ఈ బండి వదిలెయ్. వచ్చే బండిలోంచి ఆరు నింపు, మూడు దీని పేరున రాసెయ్. అందరూ చేసేదే కదా."

హన్మాండ్లు నిట్టూర్చి అచ్చు బోర్లించాడు. "లెక్క దప్పిచ్చిండ్రు సార్. మల్ల మొదటికెళ్లి." ఒకటి, రెండు...

"నీ లెక్క తగలెయ్యా! ఇది ఫెయిలయితే స్లాబు పగలగొట్టమంటారు!"

"మల్ల దప్పింది." మళ్ళీ బోర్లించాడు. "సార్, గీ బిల్డింగు ఎవరికి?"

"ఎవరికేంటి, లేబర్ క్యాంపేగా."

"రూముకు ఆర్గురు. గీ స్లాబు కింద పండేది మావోళ్ళే. ఎన్నిసార్లు జెప్పాలె మీకు? నాకు యాష్టకొస్తున్నది."

ఇక్కడ ఆ వేలి సంగతి చెప్పేస్తాను, దాచి లాభం లేదు. హన్మాండ్లు పదిసార్లు చెబితే ఏడుసార్లు తప్పేవాడు. సరైన మూడూ ఊరంతా తిరిగాయి, తప్పిన ఏడూ ల్యాబు దాటలేదు. కరోనా ఏడాది మిషన్ పాడైంది. బాగుచేసేవాడు రాలేకపోయాడు. "నువ్వే కొట్టి చెప్పు" అన్నారు. కొట్టాడు, చెప్పాడు. అంకె రాసేశారు, బాల్కనీ కింద ఆసరాగా నిలబెట్టిన ఆపు కర్రలు తీసేశారు. మధ్యాహ్నానికి బాల్కనీ మూర జారింది. కింద పనిచేసే పన్నెండుమందీ చాయ్‌కి వెళ్ళారు గనక బతికారు. ఆనాటి నుంచి హన్మాండ్లు వేలితో తలుపు కూడా కొట్టడు. అరచేత్తో తడతాడు.

మూడో అచ్చు నిండింది. ఆరకముందే మేకుతో పైన బండి నెంబరు గీసి, కింద 'హ' అని గీశాడు. మిగతావాళ్ళు రంగుతో రాస్తారు. రంగు తుడిస్తే పోతుంది. సుజిత్ తెలుగువాడే గానీ ఇంగ్లీషు బడి చదువు. 'హ' రాయమంటే 'వ' రాసి తోక తగిలిస్తాడు. కనక వేరే దిమ్మెలు చేసి మార్చిపెట్టడానికీ వీల్లేదు.

ఎండ నడినెత్తికి రాకముందే సుజిత్ ఫోను ల్యాబు ముదీర్‌కి, అంటే మేనేజరుకి, చేరింది. సాయంత్రం ముదీర్ తలెత్తకుండానే అన్నాడు: "హన్మాండ్లు, ఖలాస్. వీసా క్యాన్సిల్. పర్సోం కా టికెట్ హై." ఎల్లుండికే టికెట్టన్నమాట.

కూతురు ప్రేమ నర్సింగు చదువు ఇంకా ఏడాది ఉంది. ఊళ్ళో ఉన్న భార్య కిష్టవ్వకు ఫోన్ చేశాడు. "ఏమైంది, మల్ల నీ లెక్కలేనా?" అని ఆమె విసుక్కుంది. "లెక్క లెక్కే గదనే, ఒక బండిది ఇంకో బండి పేరున రాయమంటే ఎట్లా ఒప్పుకుంట?" అని అతనూ విసుక్కున్నాడు. "ఎసట్ల బియ్యం బోస్త తియ్, రా" అందామె.

మర్నాడు పొద్దున ఎవరూ పిలవకుండానే వచ్చి, అచ్చులు విప్పి, మూడు దిమ్మెలూ ఒక్కొక్కటే కుడి భుజాన మోసి తొట్టిలోకి దింపాడు. రిజిస్టర్లో రాసి, కడ్డీ తుడిచి గోడకు ఆనించాడు. ఆ మరుసటి రోజు బ్యాగు సర్దుకుని క్యాంపు బస్సెక్కుతుంటే సుజిత్ పరుగున వచ్చాడు. అతని చేతులు పట్టుకుని, "నీదే రైటయ్యా" అన్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఎండలో అలాగే నిలబడ్డాడు.

ఆ సుజిత్ రావడం ఒక్కటే నా కల్పన. ఎవరూ రాలేదు. కథ అలా ముగిస్తే బాగుంటుందనిపించి అతికించాను. హన్మాండ్లు వింటే మొత్తం బోర్లించి మళ్ళీ మొదటికెళ్లి చెప్పమనేవాడు. ఇరవై ఎనిమిదో రోజు ఇంకా రాలేదు. తొట్టి అడుగున ఆ మూడు దిమ్మెలూ పక్కపక్కనే ఉన్నాయి, నెత్తిమీద 'హ' పెట్టుకుని, నీళ్ళు కదిలినప్పుడల్లా ఆ అక్షరం కాస్త వణుకుతూ.