తోమిన చేతులు

విరూపాక్ష మళ్ళీ చేతులు తోముకుంటున్నాడు. యుద్ధం వచ్చాక సబ్బు దొరకడం లేదు, బూడిదే గతి. దాన్ని వేళ్ళ సందుల్లోకి, గోళ్ళ కిందికి ఎక్కించి రుద్దుతున్నాడు. చర్మం పగిలి ఎర్రబడింది. వాసనేమీ లేదని భార్య గిరిజమ్మ ఎన్నిసార్లు చెప్పినా నమ్మడు. చేతులు ఆరాక మెడలోని లింగాన్ని అరచేతిలో పెట్టుకుని పూజ చేశాడు. తర్వాత టీకాల పెట్టె భుజాన వేసుకుని, జహీరాబాద్ నుంచి న్యాల్‌కల్ వైపు పోయే ఎడ్లబండి ఎక్కాడు.

అతని నౌకరీ ఊరూరా తిరిగి టీకాలు వేయడం. సన్నటి గాజు గొట్టంలోని జిగట మందును పిల్లల జబ్బ మీద చుక్కగా పెట్టి, సూదితో గీకితే అమ్మవారు పోయదు. అందులో అతనికి ఇసుమంత అనుమానం లేదు. కానీ నౌకరీలో చేరిన కొత్తలో పట్నంలో ఆ మందు తయారయ్యే చోటు చూపించారు. దూడను బల్లమీద వెల్లకిలా కట్టేసి, గొరిగిన పొట్ట మీది కురుపులను చెంచాతో గీకుతున్నారు. దూడ కళ్ళు తెరిచే ఉంది. ఆనాటి నుంచి అతనికి పాలూ పెరుగూ గొంతు దిగవు. ఛీ, ఛీ అనుకుంటూనే ఇన్నేళ్ళూ గీకాడు. కడుపు కోసమే అయితే ఎప్పుడో మానేసేవాడు. గీకిన పిల్లలు బతుకుతున్నారు, అందుకని మానలేదు.

ఇవాళ వెళ్తున్నది కిందటి నెల టీకాలు వేసిన ఊరికే. గీకినచోట పొక్కు లేచిందో లేదో ఎనిమిదో నాడే చూడాలి. పైవాళ్ళు రాయికోడ్ వైపు పంపడంతో ఆలస్యమైంది.

టీకాలు వేయడానికి వెళ్ళిన ఆ రోజు ఊరి పటేల్ మహాదేవప్ప మొదట పెట్టె తెరవనివ్వలేదు. ఆయనా మెడలో లింగం కట్టుకున్నవాడే.

"ఇది దూడ పుండ్ల సీమంట గద విరూపాక్షప్పా? లింగం మీద చెయ్యి పెట్టి చెప్పు. నువ్వు కాదంటె మా పిల్లలకు ఏపిస్త."

పక్క ఊళ్ళో అప్పటికే పిల్లలు రాలిపోతున్నారు. నిజం చెబితే ఈ ఊరు తలుపులు మూసుకుంటుంది. విరూపాక్ష లింగం మీద చెయ్యి వేశాడు.

"కాదు. సర్కారు మందు, గంతే."

తన మీద తనకే రోత పుట్టింది. అయినా పిల్లలు జబ్బలు చాపారు. అందరికంటే ముందు పటేల్ మనవరాలు నీలవ్వ చాపింది.

ఈసారి పటేల్ గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. లోపల వేపాకు మీద పడుకోబెట్టిన నీలవ్వ మొహం గుర్తుపట్టేలా లేదు. కనురెప్పలు వాచి అతుక్కుపోయాయి, ఈగలు వాలుతున్నాయి. విరూపాక్ష కూర్చుని జబ్బ మీద టీకా మచ్చ కోసం వెతికాడు. లేదు.

"గీకిన కాడ పొక్కు లేవలేదా అవ్వా?"

"ఎట్ల లేస్తది?" అంది నీలవ్వ నానమ్మ సావిత్రమ్మ. "నువ్వు బండెక్కంగనే పేడనీళ్ళతోని కడిగిన. ఊరంత కడిగిన్రు."

"లింగం మీద చెప్పిన గద."

"నోటితోని చెప్పినవ్ బిడ్డా. గీకినంక చేతులు ఎట్ల తోముకుంటివి? బూడిదేసి, మల్ల బూడిదేసి. పాలిస్తె మొకం తిప్పుకుంటివి. నీకే గంత రోత ఉన్నదాన్ని మా పిల్ల ఒంట్ల ఎట్ల ఉంచుకుంటం?"

ఆమె గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. ప్రమాణం పోయింది, పిల్లా పోతోంది. రెంటికీ చెడ్డ రేవడి. ఇన్నాళ్ళూ దూడ పుండ్లను చూసి అసహ్యించుకున్నవాడికి ఇప్పుడు తన చేతులంటేనే అసహ్యం వేసింది.

గోడవారన కూర్చున్న మహాదేవప్ప వైపు తిరిగాడు. "పటేలా, మిగిలిన పిల్లలనన్న పిలిపించున్రి. మల్ల గీకుత. అది దూడ సీమే. గని పానం నిలవెడ్తది."



"గిప్పుడు చెప్తవా?" అంది సావిత్రమ్మ.

నీలవ్వ పెదవులు కదిలాయి. విరూపాక్ష తన వేలు నీళ్ళలో ముంచి చుక్క చుక్కగా నోట్లో వేశాడు. రెండో గుక్క లోపలికి పోలేదు, పెదవి చివర నుంచి జారిపోయింది. మహాదేవప్ప వచ్చి పిల్ల మొహం మీదికి బట్ట లాగాడు.

ఊరి తలుపులు ఏవీ తెరుచుకోలేదు. అలవాటు కొద్దీ విరూపాక్ష చేతులు కడుక్కోవడానికి పటేల్ పెరట్లోకి నడిచాడు. బండ దగ్గర ఆగిపోయాడు. కిందటి నెల అతను బోర్లించి వెళ్ళిన రాగి చెంబు, ఇంట్లో ఎవరూ ముట్టక, అంచున ఎండిన బూడిదతో అక్కడే ఉంది.