నయేలీ పెట్టని సంతకం

ఇలా దగ్గరకి జరుగు తల్లీ, ఆ ఫోను పక్కన పెట్టు. మీ నయేలీ అక్క సంగతి చెప్తాను.

నేను చదివింది రెండో తరగతి. ఈ కాలిఫోర్నియా సలీనాస్ పొలాల్లో లెట్యూస్ ఆకుకూర కోసిన చేతులివి. అయినా నా మనవరాల్ని చులకన చేసినవాణ్ణి చచ్చేదాకా మర్చిపోను.

మీ రొసాల్బా పెద్దమ్మకి ఆపరేషనైన ఏడాది, తల్లిని చూసుకుంటూ నయేలీ సగం రోజులు బడికే పోలేదు. పట్టాకి కావలసిన క్రెడిట్లు తగ్గిపోయాయి. పెద్ద హైస్కూల్లో పిల్లల చదువుల లెక్క చూసే కౌన్సిలర్ వాల్డ్రన్ మమ్మల్ని పిలిచి, "ఈమె గట్టెక్కదు. ఇక్కడే ఉంటే మా పాస్ శాతం పడిపోతుంది. కంటిన్యుయేషన్ స్కూల్‌కి పంపిస్తున్నాం" అన్నాడు.

చదువులో వెనకబడ్డవాళ్ళని పంపే బడి అది; చెడిపోయిన పిల్లల బడి అనేవాళ్ళు దాన్ని. నేనూ ఏడ్చాను. తీరా చూస్తే బస్సుల షెడ్డు వెనక ఐదు గదులు, ఆటస్థలం కూడా లేదు. పెద్ద బడిలో రెండు వేల మంది. పిల్ల సగం రోజులు రాకపోయినా ఎందుకని అడిగినవాడు లేడు. ఇక్కడ ఒక్కరోజు మానితే టీచరు మిస్ ఒచోవా మా గుమ్మంలో ఉండేది. "ఏమ్మా, జ్వరమా, బద్ధకమా?" అని. ఎవరి పాఠం వాళ్ళు ముగించుకున్నకొద్దీ క్రెడిట్లు పడతాయి. నయేలీ పగబట్టినట్టు చదివింది. పెద్ద బడి పిల్లలకి జూన్ దాకా పట్టే చదువు మార్చిలోనే ముగించేసింది.

అప్పుడొచ్చాడు వాల్డ్రన్ మా ఇంటికి, నయేలీని మళ్ళీ పెద్ద బడిలో చేర్చుకునే కాగితంతో. మీ పిన్నులందర్నీ పిలిచి కూర్చోబెట్టాను. ఆయనకి మన మొక్కజొన్న, మాంసం పులుసు పొసోలే గిన్నె నిండా పోసి, మిరపకారం దండిగా వేశాను.

"మీ అమ్మాయంటే మాకు గర్వమండీ. సంతకం పెడితే మా పిల్లలతో పాటే పట్టా తీసుకుంటుంది."

"ఏ అమ్మాయి బాబూ? మీ శాతం పడగొట్టే అమ్మాయా?"

పిన్నులు పకపకా నవ్వారు. ఆయన మొహం టమాటా అయింది.

"పాత స్నేహితులంతా అక్కడే కదమ్మా," అన్నాడు నయేలీతో.

దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు భయమేసింది, ఒప్పుకుంటుందేమోనని. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, ఆయన వైపే జరిపేసింది.

"నేను మిస్ ఒచోవా పిల్లని సార్. పెట్టను. మీరు పొసోలే తినండి, చల్లారిపోతుంది."

అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. ఐదు గదుల బడిలో పట్టా తీసుకున్ననాటి గౌనులో నయేలీ ఫోటోని ప్రతి డిసెంబరూ క్రిస్మస్ కార్డు చేయించి, వాల్డ్రన్ ఆఫీసుకి పంపిస్తున్నాను. ఇది ఆరో ఏడు.

నేను పోయాక నువ్వు పంపించు తల్లీ. ఎందుకని ఎవరైనా అడిగితే, ఇదంతా ఒక్క ముక్క వదలకుండా చెప్పు.